పైచేను, కిందచేను

చింతామణి,
9 జూన్ 2025

చెన్నమ్మా,

నిన్న సాయంత్రం నీకు ఫోన్ చేశాను. నోటీసు వచ్చిందని నేను ఎన్నిసార్లు అరిచినా నువ్వు "మేం బాగుండామక్కా, నువ్వెట్లుండావు" అనే అన్నావు. చివరికి పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు. నీ చెవులు ఇంత అన్యాయంగా ఉంటే ఫోన్ దేనికి? అందుకే ఎప్పటిలా కాగితం తీశాను.

తాలూకా ఆఫీసు నుంచి నాకొక కవరు వచ్చింది. లోపల ఉన్నదంతా కన్నడం. మనిద్దరం ఆంధ్రా నుంచి కర్ణాటకకు వచ్చిన కోడళ్ళం. నువ్వు గోరంట్ల బడిలో, నేను కదిరి బడిలో నేర్చుకున్న తెలుగుతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాం. కన్నడ అక్షరాలు కూడబలుక్కుంటానుగానీ ఆఫీసు కన్నడం నాకు సగమే అర్థమవుతుంది. ఈసారి ఆ సగమే చాలింది.

కొండకిందపల్లి పైచేను నా పేరు నుంచి తీసి నీ పేరున ఎక్కిస్తారట. తకరారు, అదే అభ్యంతరం, ఉంటే ముప్పై రోజుల్లో చెప్పుకోవాలట. కింద "అర్జిదారరు" అని ఉన్నచోట నీ పేరు. చెన్నమ్మ, కోం ఆంజనేయప్ప, అంటే ఆంజనేయప్ప భార్య అని పూర్తిగా అచ్చు వేశారు. అర్జీ ఇచ్చినవాళ్ళనే అర్జిదారరు అంటారని నాకు తెలుసు.

పైచేనులో ఏం చూసి ఆశపడ్డావు? చింతచెట్లు, గులకరాళ్ళు. ఏడాదికొకసారి చింతపండు దులిపి చింతామణి మండీకి తెచ్చుకుంటున్నాను, అంతేగా. నీకు అదే కావాలంటే అడిగితే సరిపోయేది. కానీ అక్కడ మీ బావ సమాధి ఉంది. ఆయన్ను ఆ మట్టిలో పెట్టిననాడు నువ్వు నా పక్కనే కూర్చుని నా వీపు నిమురుతూ ఉన్నావు. ఆ చేయితోనే అర్జీ మీద సంతకం పెట్టావా అని రాత్రంతా ఆలోచించాను.

అబ్బాయి మంజునాథ్‌కు ఇంకా చూపించలేదు. చిక్కబళ్ళాపురం నుంచి ఆదివారం వస్తాడు. వాడు చూస్తే వకీలు అంటాడు. ముందు నీ నోట ఒక మాట వినాలని రాస్తున్నాను.

ఇక్కడ మబ్బు పట్టి పోతోంది, వాన పడటం లేదు. నా కుడి మోకాలు మాత్రం వాన వస్తుందనే చెబుతోంది.

నీ తోడికోడలు,
వనజాక్షి


కొండకిందపల్లి,
10 జూన్ 2025

అక్కా,

పట్టుపురుగులు రెండో జ్వరంలో ఉన్నాయి, పొర విడుస్తున్నాయి. తలెత్తి కదలకుండా ఉన్నాయి, మేత వేసే పని లేదు. అందుకని రాయడానికి కూర్చున్నాను.

మొన్న నువ్వు ఫోన్ చేశావు. ఏమన్నావో వినబడలేదు. క్షేమం అడిగావనుకుని జవాబు చెప్పాను. ఇవాళ పోస్టాయన కవరు ఇచ్చిపోయాక అర్థమైంది ఎందుకు చేశావో.

కిందచేను నా పేరు కొట్టేసి నీ పేరున రాస్తారట. అర్జిదారరు వనజాక్షి, కోం ఆదినారాయణప్ప. నేను వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. పోస్టాయన్ను కూడా చదవమన్నాను. ఆయన కూడా అదే చదివాడు.

అక్కా, పంపకాలప్పుడు చీట్లు వేశారని, తన చీటీలో కిందచేను వచ్చిందని మా ఆయన నాతో ఎన్నోసార్లు చెప్పాడు. చీటీలో వచ్చింది ఇప్పుడెట్లా పోతుంది? ఆ చేనులో బోరు ఉంది, మల్బరీ ఉంది, గట్టు మీద పురుగుల ఇల్లు ఉంది. ఆయన కరోనాలో పోయిన తర్వాత నేను బతికింది ఆ ఆకుతోనే. కూతురు ప్రేమ పెళ్ళి చేసింది ఆ పట్టుగూళ్ళతోనే. నువ్వు పట్టుచీర పెట్టి వెళ్ళావు కదా, నీకు తెలుసు.

నీకు ఇబ్బంది ఏమైనా ఉంటే నా దగ్గరికి వచ్చి చెప్పాలి. ఆఫీసుతో చెప్పించావు. అదే నాకు అర్థం కావడం లేదు.

జ్వరం లేచాక ఆకు ఎక్కువ తింటాయి. కూలివాళ్ళు దొరకడం లేదు. ఉంటాను.

చెన్నమ్మ


కొండకిందపల్లి,
15 జూన్ 2025

అక్కా,

నీ జవాబు అందింది. ఎన్నిసార్లు చదివినా నాకు పొంతన కుదరలేదు. నేను కిందచేను గురించి అడిగితే నువ్వు పైచేను గురించి రాశావు. నీ మీద నేను అర్జీ ఇచ్చానంటావు. నేను బాగేపల్లి ఆఫీసుకు పోయి ఎన్నాళ్ళయిందో ఊళ్ళో ఎవరినైనా అడుగు.

ప్రేమ మంచేనహళ్ళి నుంచి వచ్చింది. దానికి తెలుగు అక్షరాలు రావు కాబట్టి నేనే నీ ఉత్తరం పైకి చదివాను. విని, నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది: "పెద్దమ్మ బేరం పెడతాండాది మా. పైచేను నీకిచ్చి కిందచేను తీసుకుంటానంటాండాది. అదే ఈ జాబు."

అదేనా అక్కా? అట్లయితే అట్లని రాయొచ్చు కదా. సమాధి మీద నాకు ఆశ ఉందని ఎందుకు రాయడం? మొన్న శివరాత్రి ముందు దానికి సున్నం కొట్టింది ఎవరు? మేకలు ఎక్కకుండా ముళ్ళకంప కొట్టి చుట్టూ వేసింది ఎవరు?

ఎప్పుడూ కింద "మీ అక్క" అని రాసేదానివి. ఈసారి తోడికోడలు అని రాశావు. నిజమే అనుకో. కానీ ఆ మాట చదివాక ఆకు కోయడానికి పోలేదు నేను. ప్రేమే కోసింది.

చెన్నమ్మ


చింతామణి,
22 జూన్ 2025

చెన్నమ్మా,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. మొదటిది చదివి నాకు ఒళ్ళు మండింది. రెండోది చదివి తల తిరిగింది. అప్పుడు తారీఖులు చూశాను. నువ్వు జవాబు అనుకున్నది జవాబు కాదు. నీ ఉత్తరం నా చేతికి రాకముందే నేను రాశాను. నీకొక నోటీసు, నాకొక నోటీసు వచ్చాయి. ఎవరి నష్టం ఏ కవరులో ఉందో ఆ కవరే వాళ్ళకు పంపారు.

మంజునాథ్‌ను వెంటబెట్టుకుని చిక్కబళ్ళాపురం జిల్లా ఆఫీసుకు వెళ్ళి అడిగాను. అక్కడ సుజాతమ్మ అని ఒకావిడ ఉంది. మన వైపు మనిషే, తెలుగులోనే మాట్లాడింది.

"అర్జీ ఎవురూ ఇయ్యలేదమ్మా," అంది.

"మరి అర్జిదారరు అని మా చెల్లెలి పేరెందుకుండాది?"

"ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు పోదు. చేను ఎవురికి వస్తుందో వాళ్ళ పేరే దాంట్లో పడిపోతాంది."

రెండు వారాలుగా ఒక ఖాళీ గడి కోసం మనం కన్నీళ్ళు పెట్టుకున్నామన్నమాట.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తాను. ఇంతకాలం రిజిస్టరు పత్రాలు ఒక ఆఫీసులో, కొలతల పటాలు ఇంకో ఆఫీసులో, ఎవరి చేను ఎవరు సేద్యం చేస్తున్నారో రాసే పహణీలు మరో ఆఫీసులో ఉండేవి. ఒకరి దగ్గర ఏముందో ఇంకొకరు చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు అన్నిటినీ కలిపి ఒకరివి ఒకరికి చూపిస్తున్నారు. అలా చూస్తే మన చేలు తిరగబడి ఉన్నాయి. మన మామ పోయాక అన్నదమ్ములిద్దరూ రిజిస్టరు చేయించిన భాగపత్రంలో కిందచేను మీ బావకు, పైచేను మరిదికి అని ఉంది. పహణీలో కిందచేను మీది, పైచేను మాది.

"ఏది నిజం?" అని అడిగాను.

"అది మీరే చెప్పాలమ్మా. మాకు రెండూ నిజమే," అంది.

ఇది ఎలా జరిగిందో నాకు తెలుసు. నీకూ తెలుసనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. చీట్లు ఎవరూ వేయలేదు చెన్నమ్మా. పత్రం అయిన కొద్ది నెలలకే మీ బావకు బస్సు డ్రైవరు ఉద్యోగం వచ్చింది, చింతామణి డిపోకు వేశారు. అప్పట్లో కిందచేనులో బావి ఉండేది. "నీళ్ళుండే చేను సేద్యం చేసేవాడికి ఉండాల, నేను బస్సు తోలుకుంటా నీళ్ళేం చేసుకోను" అని తమ్ముడికి అది వదిలి, పైచేను తను తీసుకున్నాడు. పహణీలో పేర్లు మార్పించారు. పత్రం కూడా మార్చారనే నేను అనుకున్నాను. మార్చలేదట.

కాబట్టి నువ్వు ఏమీ చేయకు. ఎక్కడా సంతకం పెట్టకు. మంజునాథ్ ఒక మాట అంటున్నాడు. అది కాగితం మీద రాసేది కాదు. వాడితో తేల్చుకుని నీకు రాస్తాను.

మీ అక్క,
వనజాక్షి


కొండకిందపల్లి,
29 జూన్ 2025

అక్కా,

చీట్లు వేయలేదని నాకు తెలియదు.

నీ ఉత్తరం చదివి, ఆయన నాతో అలా ఎందుకు చెప్పాడా అని చాలాసేపు బోరు దగ్గర కూర్చున్నాను. అన్న ఇచ్చాడని చెప్పడం నామోషీ అనుకున్నాడో, కొత్త కోడలు చిన్నబుచ్చుకుంటుందని అనుకున్నాడో. అడుగుదామంటే మనిషి లేడు. ఇన్నేళ్ళూ నువ్వు ఊరికి వచ్చినప్పుడు ఒక సంచీ ఆకుకూరో, నాలుగు టెంకాయలో కట్టి ఇచ్చి, ఏదో నేనే నీకు పెడుతున్నట్టు అనుకునేదాన్ని. నువ్వు కూడా వద్దు వద్దంటూనే తీసుకునేదానివి. లోపల ఏమనుకునేదానివో.

మంజునాథ్ ఏమంటున్నాడో నువ్వు రాయలేదు. రాయకపోయినా నాకు తెలిసింది. వాడు అనేది తప్పు కాదు. వాళ్ళ నాయన పేరున రిజిస్టరు అయిన చేను వాడికి రావాలి. నాకు కొడుకు ఉండి ఉంటే వాడూ అదే అనేవాడు.

అందుకని శుక్రవారం బాగేపల్లి పోయి తకరారు లేదని రాసిచ్చి వచ్చాను. నువ్వు సంతకం పెట్టొద్దన్నావు. పెట్టొద్దన్నది నా మంచికోసమని తెలుసు. కానీ నా మంచి చూసుకునే వంతు ఇంక నీది కాదు అనిపించింది.

పైచేను నా పేరుకు వస్తుంది కదా. బావ సమాధి దగ్గరికి నువ్వు ఎప్పుడు వచ్చినా ఎవరూ అడ్డం చెప్పరు, ఆ మాట కూడా రాసుకోండయ్యా అన్నాను. ఆ మాట రాయడానికి గడి లేదట.

ఈ పంట గూళ్ళు దిగేవరకు ఆకు నన్ను కోసుకోనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం.

చెన్నమ్మ


చింతామణి,
7 జూలై 2025

చెన్నమ్మా,

నువ్వు ఏం చేశావో నీకు తెలుసా? నువ్వు బాగేపల్లి వెళ్ళిన శుక్రవారమే నేను చిక్కబళ్ళాపురం వెళ్ళి, రెండు చేలకూ నా తకరారు ఉందని, ఎవరి సేద్యంలో ఉన్నది వాళ్ళకే ఉంచమని రాసిచ్చి వచ్చాను. ఇప్పుడు చేను పోగొట్టుకునే మనిషి తకరారు లేదంటోంది. చేను వచ్చే మనిషి తకరారు ఉందంటోంది. పోయిన గురువారం అక్కడి ఆఫీసరు నన్ను పిలిపించాడు. రెండు కాగితాలూ ఎదురుగా పెట్టుకుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, మీకు చేను వస్తాండాది."

"తెలుసు సార్. నాకు వద్దు."

"ఆయమ్మ తీసుకోమంటాండాది గదా."

"ఆయమ్మకు తెలీదు."

"మరి తెలిసిందెవురికి?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

రెండు చేలనూ కొలిచి, ఎవరి అనుభవంలో ఏది ఉందో చూస్తారట. ఇరవై రెండో తారీఖు పెట్టారు.

మంజునాథ్ సంగతి దాచి లాభం లేదు. ఆరోజు సుజాతమ్మను కలిసి ఇద్దరం బస్సులో తిరిగి వచ్చాం. ఇంటి మెట్ల దగ్గర అన్నాడు: "మనం ఊరికే ఉంటే చాలు మా. గడువు దాటిపోతే అదే మన పేరుకు వస్తాది. మనమేం దొంగతనం చేస్తాండామా? కాగితం మనదే అంటాంది."

వాడికి చాలా రోజులుగా ఒక ఆశ ఉంది. చిక్కబళ్ళాపురంలో బండ్ల షోరూములో ఎన్నాళ్ళు నిలబడతాను, నీళ్ళున్న చేను ఉంటే పాలీహౌస్ వేసి పూలు పండిస్తాను అంటాడు. నేను తప్పనను. కానీ "మీ నాయన ఇచ్చింది నేను వెనక్కు తీసుకోను" అన్నాను. "నాయన నోటితో ఇచ్చినాడు, రాసి ఇయ్యలేదు" అన్నాడు. అంతకుమించి ఇద్దరం చాలా అనుకున్నాం. పోయిన ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే అవును, కాదు అని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నాడు.

నా మోకాలు వాచి మెట్లు దిగలేకుండా ఉన్నాను. సర్వేనాడు నా తరఫున ఎవరో ఒకరు ఉండాలి కాబట్టి వాణ్ణే పంపుతున్నాను. నువ్వేమీ బెంగపెట్టుకోకు. ఇక అన్నీ వాడే చూసుకుంటాడు.

మీ అక్క,
వనజాక్షి


కొండకిందపల్లి,
24 జూలై 2025

అక్కా,

మొన్న సర్వే అయింది. మంజునాథ్ పొద్దున్నే వచ్చాడు. చిక్కిపోయాడు.

నా మూలంగా తల్లీ కొడుకూ మాట్లాడుకోవడం లేదని చదివి నాకు అన్నం సయించలేదు. చివర "ఇక అన్నీ వాడే చూసుకుంటాడు" అని రాశావు. నువ్వు మెత్తబడ్డావని అర్థమైంది. మంచిపని చేశావు. అందుకని వాడు వచ్చేసరికి అన్నీ అప్పజెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

సర్వేయరు గొలుసు లేకుండా ఏదో యంత్రం మూడు కాళ్ళ మీద పెట్టి చూస్తూ ఉంటే, నేను వాడిని తీసుకుపోయి చేను చూపించాను. మోటారు స్టార్టరు ఒకసారికి అందుకోదు, వదిలి మళ్ళీ నొక్కాలి. కరెంటు ఎప్పుడొస్తుందో గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాను. తూర్పు మూల మల్బరీ ఆకు లేతగా ఉంటుంది, అది చిన్న పురుగులకు. గట్టువైపుది ముదురు, నాలుగో జ్వరం లేచాక అది వేయాలి. పక్కచేనులో టమాటాకు మందు కొట్టిన రోజు ఆ వైపు ఆకు తెంపకూడదు. ఒకసారి తెలియక తెంపి ఒక పంట మొత్తం పోగొట్టుకున్నాను. పైపు ఎక్కడ పగిలి అతుకు వేశామో అది మట్టి తీసి చూపించాను.

వాడు మధ్యమధ్యలో ఏదో చెబుతున్నాడు. చెవి మిషను పెట్టుకుంటే గాలికి ఈల వేస్తుంది, అందుకని ఇంట్లోనే వదిలి వచ్చాను. చేతులు అడ్డంగా ఊపుతున్నాడు. కొత్తవాడికి భయం ఉంటుంది కదా. సరే సరే, వచ్చేస్తుందిలే అన్నాను.

సర్వేయరు నా దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు. సేద్యం ఎవరిదని అడిగినట్టు అనిపించి మంజునాథ్‌ను చూపించాను. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. సర్వేయరు రాసిన దాన్ని కొట్టేసి మళ్ళీ రాశాడు.

మధ్యాహ్నం సంగటి, పప్పు పెట్టాను. సరిగా తినలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. యంత్రం కోసం పొదలు నరికారు, ఆ దుమ్ము పడిందేమో. పోయేటప్పుడు నా కాళ్ళకు మొక్కాడు. పండగ కాదు, ఏం కాదు, ఎందుకు మొక్కాడో తెలియలేదు. నేను చల్లగా ఉండమన్నాను.

పురుగుల ఇంటి తాళంచెవి ఇచ్చాను. తీసుకోకుండా గోడగూట్లో పెట్టి పోయాడు. మరిచిపోయినట్టున్నాడు. ఎవరైనా వస్తే పంపుతాను.

చెన్నమ్మ


చింతామణి,
29 జూలై 2025

చెన్నమ్మా,

తాళంచెవి పంపకు.

"అన్నీ వాడే చూసుకుంటాడు" అంటే సర్వే పని చూసుకుంటాడని. ఇరవై రెండున వాడు నీ దగ్గరికి వచ్చింది నా మీద అలిగిన మొహంతోనే. అక్కడేం జరిగిందో నీ ఉత్తరం రాకముందే వాడు చెప్పాడు. ఆ సాయంత్రం చిక్కబళ్ళాపురంలో దిగకుండా నేరుగా ఇక్కడికి వచ్చేశాడు. చెప్పులు విడవకుండా గడపలోనే కూర్చున్నాడు.

"పిన్నమ్మ నాకు చేను అప్పజెప్పేసింది మా," అన్నాడు.

నాకు భయమేసింది. "నువ్వేమన్నావు?"

"నేనేమంటా? వద్దు పిన్నమ్మా, నేను సర్వేకి వచ్చిండేది అంటానే ఉండా. ఆయమ్మ సరే సరే అని ఇంకో వాల్వు చూపిస్తాండాది. అన్నం పెట్టి, నేను తింటాంటే, గూళ్ళు మార్కెట్లో యాడ దించితే తేమకు చెడకుండా ఉంటాయో చెప్తాండాది. పైపుకి అతుకు యాడుందో చూపించడానికి చేతుల్తో మన్ను తీసింది మా. నేను తీస్తానంటే వినపడదు."

చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"సర్వేయరు సేద్యం ఎవురిది అంటే నన్ను చూపించింది. ఆయప్ప నన్ను చూసి మీదేనా అన్నాడు. నేను ఔను అంటే అయిపోయుండు. ఒక్క మాట. ఆయమ్మ నా పక్కనే నిలబడుకొని తల ఊపుతాండాది."

"ఏం చెప్పావు?"

"పిన్నమ్మదే అని చెప్పినా."

లేచి అన్నం పెట్టాను. పెరుగు వేస్తుంటే అన్నాడు, "ఆ కాగితం మనదే మా. ఇప్పుడు గూడా నేను అదే అంటా. కానీ నాకు ఆ చేనులో యా ఆకు యా పురుక్కో తెలీదు." వాడి పూల ఆశ పోలేదు. మొహం కూడా పూర్తిగా విచ్చుకోలేదు. నేను అడగలేదు.

ఇప్పుడు చేయవలసింది విను. సుజాతమ్మకు ఫోన్ చేసి కనుక్కున్నాను. నోటి మాట ఏ ఆఫీసుకూ కనబడదు. చేను మార్చుకున్నామని మనం ఇప్పుడు పత్రం రాసి రిజిస్టరు చేయించాలి. కిందచేను నేనూ మంజునాథ్ నీకు ఇచ్చినట్టు, పైచేను నువ్వూ ప్రేమా మాకు ఇచ్చినట్టు. నలుగురం సంతకం పెట్టాలి. అది కొలతల ఆఫీసుకూ, పహణీల ఆఫీసుకూ దానంతటదే పోతుందట. ఈసారి అందరికీ ఒకటే కనబడాలి.

మంజునాథ్ పెడతానన్నాడు. ప్రేమ పెడుతుందా? దానికి చదివి వినిపించు. బేరం కాదని చెప్పు. లేదా బేరమే అనుకోమను, పాత బేరం.

నువ్వు తకరారు లేదని ఇచ్చిన కాగితం వెనక్కు తీసుకో. నేను నాది తీసుకుంటాను. పత్రానికి ఆగస్టు పదహారు అన్నారు, అది శనివారం, ఆ రోజు వద్దు. పద్దెనిమిదికి అనుకుంటున్నాం. మిషను పెట్టుకుని రా. ఈల వేసినా ఫర్వాలేదు.

మీ అక్క,
వనజాక్షి


కొండకిందపల్లి,
24 ఆగస్టు 2025

అక్కా,

నువ్వు బస్సు ఎక్కేటప్పుడు ఇంకో మెట్టు ఉందని నేను అరిచాను, నువ్వు చూసుకోలేదు. మోకాలికి దెబ్బ తగిలిందా? రాయి.

రిజిస్టరు రోజు ఆఫీసులో అందరూ ఎందుకు నవ్వారో ఇంటికి వచ్చాక ప్రేమ చెప్పింది. ఆ జనంలో మిషను ఒకటే రొద పెట్టింది, తీసి రవికెలో పెట్టుకున్నాను. ఎదురుగా కూర్చున్న ఆయన నన్ను చూసి ఏదో అడిగాడు. నువ్వు నా చెయ్యి నొక్కావు. ఇష్టపూర్తిగా ఇస్తున్నావా అని అడుగుతారని ప్రేమ దారిలో చెప్పి ఉంది కదా, అదే అనుకుని కన్నడంలోనే గట్టిగా హౌదు, ఔను, అన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ హౌదు అన్నాను. తీరా చూస్తే ఆయన అడిగింది నా పేరట. మరి నువ్వెందుకు నొక్కావు? నీకు మోకాలు నొప్పి పెట్టి పట్టుకున్నావా?

ఫోటో తీసేటప్పుడు నన్నూ నిన్నూ పక్కపక్కన నిలబెట్టారు. పత్రంలో అది చిన్నగా, నల్లగా పడింది. ఎవరు ఎవరో తెలియడం లేదు. ప్రేమ మాత్రం పెద్దమ్మ ముక్కు తెలుస్తుందంటోంది.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించినప్పుడు అది చివరిదాకా వింది. తర్వాత, "నేను బేరం అన్న మాట పెద్దమ్మకు ఎందుకు రాసినావు మా," అని నన్ను కోప్పడింది. సంతకం పెట్టడానికి మాత్రం అందరికంటే ముందు అదే నిలబడింది.

నిన్న నాకు ఒక విషయం తోచింది. కిందచేను పదును మీద ఉందేమో చూడటానికి పోతూ, ఇది బావ ఇచ్చిన చేను అనుకుంటూ నడిచాను. కాళ్ళకు వేరేగా ఏమీ తెలియలేదు. అదే గట్టు, అదే మట్టి. కానీ నడక కొంచెం నెమ్మదయింది.

మొన్న మంజునాథ్ వచ్చాడు. నువ్వు పంపావో, వాడే వచ్చాడో తెలియదు. నా దగ్గర టేపు అడిగి తీసుకుని, బోరు దగ్గర నుంచి పైచేను దాకా కొలుచుకుంటూ పోయాడు. సమాధి దగ్గర కాసేపు కూర్చుని, మళ్ళీ కొలుచుకుంటూ దిగాడు. వచ్చి నాతో చాలాసేపు మాట్లాడాడు. ఒకసారి మోటారు, పైపు చూపించాడు, ఒకసారి చింతచెట్లు చూపించాడు, ఒకసారి ఆకాశం చూపించాడు. నేను సరే అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. సంగటి రెండు ముద్దలు తిని పోయాడు.

నేను దేనికి ఒప్పుకున్నానో వాణ్ణి అడిగి రాయి అక్కా.

చెన్నమ్మ